గుండీ అంత ఇనుము

ఆ రోజు పదకొండింటికి మా వీధి మలుపు నుంచి ముందు మా బావ గొంతు వచ్చింది. తరవాత కారు వచ్చింది.

"చేతులు పెట్టకండమ్మా! గుడ్డ పెట్టి తొయ్యండి! గోళ్లు, గోళ్లు జాగ్రత్త!"

చేతిలో పని వదిలేసి షెడ్డు ముందుకొచ్చి చూశాను. మా చెల్లెలి కారు నెలలు నిండిన మనిషిలా మెల్లగా వస్తోంది. ముగ్గురు ఆడవాళ్లు వెనక నుంచి తోస్తున్నారు. లోపల స్టీరింగు పట్టుకుని మా చెల్లెలు కూర్చుంది. పక్కన స్కూటరు మీద, రెండు కాళ్లూ నేల మీద ఈడ్చుకుంటూ, మా బావ.

మా చెల్లెలు డ్రైవింగ్ నేర్పుతుంది. ఇరవై రెండేళ్లుగా అదే పని, అదే కారు. తోస్తున్న ముగ్గురూ ఆమె దగ్గర నేర్చుకుంటున్నవాళ్లే. ఆ కారుకు పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్లు కంగారు పడితే టీచరు అది తొక్కి ఆపుతుంది. టీచరు తొక్కిందని అందరికీ తెలియాలని, ఆ బ్రేకు నొక్కగానే గీమని ఒక బజరు మోగాలి. అది రూలు. కార్ల కరెంటు పని నాది కాబట్టి ఆ బజరు పెట్టింది నేను. ఆ కారులో ప్రతి వైరూ నేను వేసిందే.

రంగు మాత్రం మా బావది. చెల్లెలి మొగుడు కార్లకు రంగులు వేస్తాడు. ఆయన రంగు వేసిన తలుపులో చూసుకుని తల దువ్వుకోవచ్చు. అందుకే ఆయన్ని అందరూ అద్దం అంటారు. ఈ కారుకు పది రోజులు కష్టపడి చిలకపచ్చ రంగు వేసి మొన్ననే బయటికి తీశాడు. అప్పటి నుంచి దాని పేరు చిలక అయింది.

కారు షెడ్డులోకి చేరింది. చెల్లెలు దిగి తలుపు వేసింది. బావ ఆ తలుపు మీద గుడ్డ పెట్టి తుడిచాడు.

"ఏమైంది?" అన్నాను.

"ఏం కాలేదో అడుగు అన్నయ్యా, అది చెప్పడం తేలిక. ఫిట్‌నెస్ తనిఖీకి తీసుకెళ్లానా? ఇన్స్పెక్టరు బ్రేకు నొక్కమన్నాడు, నొక్కాను. వెనక ఎర్రలైటు వెలగాలి కదా? ముందు దీపాలు వెలిగాయి! డాష్‌బోర్డులో దీపాలు వెలిగాయి! ఎడమ ఇండికేటరు వేస్తే కుడిది కూడా కన్ను కొట్టింది. ఆయన పెన్ను మూత పెట్టేసి, 'అమ్మా, మీరు డ్రైవింగ్ నేర్పుతారా, గారడీ నేర్పుతారా?' అన్నాడు. తిరిగొస్తుంటే మన వీధి దగ్గర ఇంజనూ ఆగిపోయింది."

"నాకైతే నవ్వొచ్చింది బాబాయ్ గారూ," అంది తోసిన ముగ్గురిలో ఒకావిడ. బట్టలు కుడుతుంది, మెడలో కొలత టేపు ఇంకా అలాగే ఉంది. "మేడమ్ మొహం చూసి మింగేశాను."

"నవ్వాల్సింది. నలుగురితో పాటు నువ్వూ నవ్వితే ఒక పనైపోయేది," అంది మా చెల్లెలు. అని, సంచిలోంచి కాగితం తీసి నా చేతిలో పెట్టింది. నేను మూడో తరగతి దాకా చదివినవాణ్ని. కాగితాలు కూడబలుక్కునేసరికి పొద్దుపోతుందని ఆమే చెప్పింది.

"ఇంత పాత బండికి రెండే అవకాశాలట. ఒకటి పొద్దున అయిపోయింది. రెండోది ఈ రోజే. నెలాఖరు కదా, పాత కాగితం గడువు ఈ సాయంత్రంతో తీరిపోతుంది. ఐదింటికి గేటు మూస్తారు. ఐదు లోపల చూపించి పాసవ్వాలి. లేదంటే నంబరు కొట్టేస్తారు. నంబరు కొట్టేస్తే ఇక దీన్ని తుక్కుకు తోలాల్సిందే."

ఇంకో బండి చూసుకుని, దానికి రెండో బ్రేకు బిగించి, అనుమతులు తెచ్చి మళ్లీ మొదలుపెట్టే వయసు ఆమెది కాదు. ఆ మాట ఆమే అనేసింది.

"ఇది పోతే నేనూ ఇంట్లో కూర్చోవడమే అన్నయ్యా. ఇంట్లో కూర్చుంటే ఈయన నాక్కూడా రంగు వేసేస్తాడు."

బావ నవ్వలేదు. కారు వెనక అద్దం కింద ఎవరిదో వేలిముద్ర కనిపించి అటు వెళ్లాడు.

గోడ గడియారం పదకొండూ పది చూపిస్తోంది. తనిఖీ చోటుకు ఇరవై నిమిషాల దారి. నేను బానెట్ ఎత్తాను.

నా పని పద్ధతి ఇది. బ్యాటరీ నుంచి బయలుదేరిన కరెంటు దీపాన్ని వెలిగించి తిరిగి బ్యాటరీకి చేరాలి. వెళ్లే దారి వైరు. తిరిగొచ్చే దారి కారు ఒళ్లే. ఆ ఇనుప ఒళ్లంతా ఒక పెద్ద వైరు అనుకోవాలి. దీపం దగ్గర నుంచి ఒక నల్ల వైరు తెచ్చి దగ్గరలో ఒంటికి బోల్టుతో బిగిస్తాం. దాన్ని ఎర్తు అంటాం. వెళ్లే దారి తెగినా, తిరిగొచ్చే దారి తెగినా దీపం వెలగదు. అంతకు మించి ఈ విద్యలో పెద్ద రహస్యాలు లేవు.

నా దగ్గర ఒక టెస్టు దీపం ఉంది. చిన్న బల్బు, ఒక కొసన సూది, ఇంకో కొసన పళ్లున్న క్లిప్పు. ఎక్కడ పని చేస్తుంటే అక్కడి ఎర్తు బోల్టుకు క్లిప్పు కరిపించి, సూదితో వైరు పొడిచి చూస్తాను. నలభై ఏళ్లుగా అంతే. డిక్కీ తెరిచి, వెనక దీపం పక్కనున్న ఎర్తు బోల్టు మీదికి క్లిప్పు తీసుకెళ్లాను.

"బావా! బావా! ఆ మొసలి నోరు నా రంగు మీద పెట్టకు!"

"బోల్టు మీదే."

"బోల్టుకు మాత్రం రంగు లేదా? చూడు ఎంత బుద్ధిగా వేశానో. ఆ పళ్లు పడితే పగిలిపోతుంది. నీకు పుణ్యముంటుంది, ఇంకెక్కడైనా పెట్టుకో."

బోల్టు తల నిజంగానే చిలకపచ్చగా మెరుస్తోంది. అందులో వింతేమీ లేదు. రంగులు వేసేవాళ్లందరూ బోల్టు మీద నుంచే కొట్టుకుపోతారు. పైన ఏ రంగున్నా బోల్టు కింద ఇనుముకు ఇనుము అంటుకునే ఉంటుంది. నష్టం లేదు. పది రోజుల కష్టం కదా అని నేనూ మెత్తబడ్డాను. ఒక పొడుగు వైరు తెచ్చి, దాని కొస బ్యాటరీకే తగిలించి, ఇంకో కొసకు నా క్లిప్పు కరిపించుకున్నాను. అదొక్కటే ఆ రోజు నేను నా పద్ధతి తప్పింది.

బ్యాటరీ బాగుంది. ఫ్యూజులు ఒక్కొక్కటే తీసి గీకి పెట్టాను. బాగున్నాయి. బ్రేకు స్విచ్చు బాగుంది. సూదితో ఎక్కడ పొడిచినా నా బల్బు పళ్లికిలించి వెలుగుతోంది. వెనక దీపం ఊడదీసి, పొడుగు వైరుతోనే బయట వెలిగించాను. ఎర్రగా, నిండుగా వెలిగింది. లోపల బిగించాను. చెల్లెల్ని బ్రేకు తొక్కమన్నాను. వెనక చీకటి. ముందు దీపాలు వెలిగాయి.

ఊడదీశాను. వెలిగింది. బిగించాను. చీకటి.

"బయట పెడితే వెలుగుతోందిగా బాబాయ్ గారూ," అంది కుట్టు ఆవిడ. "వెనక కూర్చుని చేత్తో పట్టుకుంటాను. పరీక్ష అయ్యేదాకా."

"బ్రేకు వేసినప్పుడల్లా నోటితో ఎర్రగా ఉంది, ఎర్రగా ఉంది అని కూడా అరువు," అంది మా చెల్లెలు.

పన్నెండున్నర అయింది. అప్పుడు నాకు నా మీదే అనుమానం వచ్చింది. ఇరవై రెండేళ్ల కింద రెండో బ్రేకు కోసం డాష్‌బోర్డు వెనక నేను నాలుగు వైర్లు కలిపాను. ఆ అతుకు దగ్గర వైర్లు ఒకదానికొకటి ఒరుసుకుని ఉండాలి. తప్పు ఎక్కడుందో తెలియనప్పుడు మనం చేసిన పనినే ముందు అనుమానించాలి. మంచి అలవాటే. ఆ రోజు అది కూడా కొంప ముంచింది. డాష్‌బోర్డు మొత్తం విప్పేశాను. టేపు చుట్టిన వైర్ల కట్ట కోసి తెరిచాను. ఎరుపు, పసుపు, నీలం, గోధుమ రంగు వైర్లు సీటు మీదికి పొర్లి పడ్డాయి.

చెల్లెలు ఆ కుప్ప చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమె ఏమీ అనకపోయేసరికి నాకు భయం వేసింది. ఆమె తిడుతుంటేనే మాకు ధైర్యం.

"చెప్పు అన్నయ్యా. ఏదో ఒకటి చెప్పు. నోరు తెరిస్తే ముత్యాలేమైనా రాలిపోతాయా?"

"చూస్తున్నాను."

"చూస్తున్నాడట! విన్నారా? రెండు గంటల్లో ఒక ముత్యం."

నా అతుకు నిన్న వేసినట్టు ఉంది. వేలితో లాగి చూశాను, కదల్లేదు. గర్వపడే తీరిక లేదు. వైర్లన్నీ ఎక్కడివక్కడ పెట్టి మళ్లీ టేపు చుట్టాను. రెండుంపావు.

ఇక మిగిలింది ఒకటే. ఇంజను నడుస్తుంటే బ్యాటరీ నిండుతోందా లేదా చూడాలి.

"సెల్ఫ్ కొట్టు," అన్నాను.

చెల్లెలు కూర్చుని చోకు పిడి బయటికి లాగింది. పాత బండి కదా, చల్లగా ఉన్నప్పుడు ఇంజనుకు గాలి తగ్గించడానికి అలా లాగాలి. తాళం తిప్పింది. ఇంజను మూలిగింది. మళ్లీ తిప్పింది. ఇంకా దిగులుగా మూలిగింది.

"ఇంకోసారి."

మూడోసారి తిప్పి పట్టుకుంది. "అబ్బా!" అని చెయ్యి లాక్కుంది. "కాలింది! అన్నయ్యా, చోకు కాలిపోతోంది!"

డాష్‌బోర్డు కింద నుంచి సన్నగా పొగ లేచింది. చోకు తీగ మీద ప్లాస్టిక్కు కరుగుతోంది. ఆ వాసన గుప్పుమంది. ఆడవాళ్లు ఒక్కసారి అరిచారు. బావ బకెట్టు ఎత్తుకుని పరుగెత్తుకొచ్చాడు.

"నీళ్లొద్దు!" అని అరిచాను.

బకెట్టు గాల్లోనే ఆగింది. నేను అంత గొంతు పెట్టడం వాళ్లెవరూ వినలేదు. నేనూ వినలేదు. ఒక్క అంగలో ముందుకెళ్లి బ్యాటరీ వైరు పీకేశాను. పొగ ఆగింది.

బానెట్ మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాను. చేతుల మీద వెంట్రుకలు లేచి ఉన్నాయి. భయంతో కాదు. తప్పు ఎక్కడుందో ఒక్కసారిగా తట్టినప్పుడు అలా లేస్తాయి, నలభై ఏళ్లలో నాలుగైదు సార్లు మాత్రమే అయింది.

చోకు తీగలో కరెంటు పారదు. అది ఉట్టి ఇనుప తీగ. లాగడానికి పనికొస్తుంది, అంతే. మరి కాలిందంటే అందులో నుంచి కరెంటు పోయింది. ఎందుకు పోయింది? ఇంజను దగ్గరికి వెళ్లిన కరెంటుకు తిరిగొచ్చే దారి లేదు. దారి లేక, తలుపు గడియ పెట్టిన ఇంట్లోంచి కిటికీ దూకినట్టు, ఆ సన్నటి తీగలో దూకింది. వెనక దీపాలదీ అదే కథ. బ్రేకు కరెంటు ఇంటికి పోయే దారి లేక, పక్క వైర్లలో దూరి, ముందు దీపాల గుండా పారిపోతోంది. వెళ్లే దారులన్నీ పొద్దున్నుంచీ పొడిచి పొడిచి చూశాను. తిరిగొచ్చే దారి ఒక్కచోట కూడా చూడలేదు. ఎందుకంటే నా క్లిప్పు బ్యాటరీకి ఉంది. బోల్టుకు లేదు.

"బావా," అన్నాను. "బోల్టులు తీశావా?"

"ఏ బోల్టులు?"

"నల్ల వైర్లవి."

బావ ఛాతీ కొంచెం ముందుకొచ్చింది. "తీయకుండా ఎలా వేస్తాను? నేనేం బోల్టు మీద నుంచి కొట్టేసి చేతులు దులుపుకునే రకం అనుకున్నావా? ఒక్కొక్కటే తీశాను. కింద తుప్పు గీకాను. రెండు కోట్లు ప్రైమరు, మూడు కోట్లు రంగు, ఆ పైన మెరుపు కోటు. బోల్టులు కూడా విడిగా వరసగా వేలాడదీసి రంగులో ముంచాను. ఆరాక బిగించాను. వందేళ్లు తుప్పు పట్టదు. ఎవరు చూస్తారని కాదు బావా, నాకు తెలుస్తుంది కదా!"

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. కడుపు పట్టుకుని మడ్‌గార్డు మీద కూలబడ్డాను.

"ఈయనకేమైంది?" అన్నాడు బావ. "పొగ తలకెక్కిందా?"

"బ్యాటరీ దగ్గరి బోల్టో?" అన్నాను నవ్వులోనే.

"అది తియ్యలేదు. ఆసిడ్ అంటే నాకు భయం."

"అందుకే ఆ ఒక్కటీ బతికింది," అన్నాను. "ఇనుముకు ఇనుము తగలాలి బావా. మధ్యలో నీ రంగు ఉంది. కరెంటు నీ రంగు దాటలేకపోతోంది."

బావ మొహంలో ఛాతీ ముందుకొచ్చినప్పటి వెలుగు మెల్లగా దిగిపోయింది. అంతలోనే వేలు నా మీదికి లేపాడు.

"నిన్ను అడిగాను! మొదటి రోజే అడిగాను! 'బావా, లోపలి బోల్టులన్నీ విప్పి వేసేయనా' అంటే 'ఊఁ' అన్నావు."

అడిగాడు. నాకు గుర్తొచ్చింది. అప్పుడు నా పళ్ల మధ్య వైరు ఉంది, చూపు ఇంకో బండి మీద ఉంది. వినకుండానే ఊఁ కొట్టాను.

"నా ఖర్మ కాకపోతే," అంది మా చెల్లెలు, కాలిన వేళ్లు ఊదుకుంటూ. "ఒకరు అంతా చేసేదాకా ఆగరు. ఒకరు ఒక్క ముక్క చెప్పరు. మీ ఇద్దరి మధ్య నా చిలక ప్రాణం పోయేలా ఉంది. ఇప్పుడేం చెయ్యాలి?"

"గీకాలి," అన్నాను.

"గీకాలా?" అన్నాడు బావ. ఎవరో కాలు తీసెయ్యాలని చెప్పినట్టు అన్నాడు.

ఎమరీ గరుకు కాగితం ముక్క చింపి ఆయన చేతిలో పెట్టాను. "నువ్వే. గుండీ అంత చాలు. చొక్కా గుండీ అంత."

రెండూ నలభై. గీకాల్సిన ఎర్తు బోల్టులు మొత్తం ఏడు. నేను విప్పుతున్నాను, బావ గీకుతున్నాడు, నేను బిగిస్తున్నాను. మొదటిది ఇంజను దగ్గర. అక్కడ బావ కాగితం పట్టుకుని చాలాసేపు అలాగే చూశాడు.

"కానివ్వండి, అదేం మీ కళ్లు పొడవదు," అంది చెల్లెలు.

"నీకేం తెలుసు? ఈ మూల కోసం సగం రోజు పడుకుని వేశాను. నడుము ఇప్పటికీ పట్టేసే ఉంది."

"బాబాయ్ గారూ, గుండీ అంత అన్నారు కదా," అంది కుట్టు ఆవిడ. "చొక్కా గుండీనా, కోటు గుండీనా? కోటుదైతే ఇంకాస్త పెద్దదుంటుంది."

"నువ్వు కోటు మాట ఎత్తకమ్మా, నీకు దండం!" అన్నాడు బావ. కళ్లు సగం మూసుకుని గీకాడు. పచ్చటి పొడి రాలింది. కింద తెల్లగా ఇనుము మెరిసింది. దాని మీద వైరు పెట్టి బోల్టు కసిగా బిగించాను. బ్యాటరీ తగిలించాను.

"సెల్ఫ్ కొట్టు."

చెల్లెలు చోకు పిడి ముట్టుకోకుండా తాళం ఒక్క మెలి తిప్పింది. ఇంజను ఒక్క ఉదుటున లేచింది! మూలుగు లేదు, దగ్గు లేదు. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు విన్నాక బావ చెయ్యి ఊపందుకుంది.

రెండోది ముందు ఎడమ దీపం దగ్గర. గీకాం, బిగించాం, వెలిగింది. మూడోది ముందు కుడి. వెలిగింది. నాలుగోది డాష్‌బోర్డు కింద. బావ తల కింద, కాళ్లు పైన పెట్టి దూరి గీకాడు. లోపల నుంచి "వచ్చిందా?" అని అరుస్తున్నాడు, "వచ్చింది!" అని వీళ్లు అరుస్తున్నారు. అయిదు, ఆరు డిక్కీలో. అప్పటికి బావ నా కంటే ముందే కాగితం పట్టుకుని అక్కడ ఉన్నాడు.

"ఇటియ్యి, ఇటియ్యి, నువ్వు మరీ నెమ్మది బావా!"

నాలుగూ అయిదుకి చెల్లెలు బ్రేకు తొక్కింది. వెనక రెండు దీపాలూ పండిన మిరపకాయల్లా ఎర్రగా వెలిగాయి. ముందు ఏమీ వెలగలేదు. ఎడమ వేస్తే ఎడమే కొట్టింది. కుడి వేస్తే కుడే. హారను, వైపర్లు, అన్నీ మాట విన్నాయి. కుట్టు ఆవిడ మెడలో టేపు తీసి గాల్లో తిప్పింది.

"బజరు?" అంది మా చెల్లెలు.

అందరం ఆగాం. ఆమె పక్క సీటులోకి జరిగి టీచరు బ్రేకు తొక్కింది. ఏమీ మోగలేదు. పొద్దున ఇన్స్పెక్టరు దీపాల దగ్గరే ఆపేశాడు కాబట్టి బజరు దాకా రాలేదు. ఇప్పుడు వస్తాడు.

ఏడోది. పక్క సీటు వైపు, తలుపు కింద ఉండే గడప అంచున ఒక చిల్లు పెట్టి, లోపలి గొట్టం గుండా బజరు వైరు తెచ్చి, అక్కడే బోల్టు వేశాను. వంగి చూశాను. బోల్టు లేదు. చిల్లు లేదు. గడప పొడుగునా నున్నటి చిలకపచ్చ. అందులో నా మొహమే కనిపించింది, నోరు తెరుచుకుని.

"బావా, ఇక్కడ బోల్టు?"

బావ కాగితం కింద పెట్టాడు.

"అది... ఎందుకూ పనికిరాని పాత బోల్టు అనుకున్నాను. తుప్పు పట్టి ఉంది. తీసేసి, వైరు ముక్క లోపలికి తోసేసి, లప్పం పెట్టి మూసి నున్నగా చేశాను."

"ఇంకో చోట చిల్లు పెడితే?" అంది చెల్లెలు.

"వైరు కొస ఆ చిల్లు దగ్గరే ఉంది," అన్నాను. "కొత్త వైరు లాగాలంటే సీట్లు విప్పాలి. గంట పైన."

నాలుగూ పన్నెండు. నేను స్క్రూడ్రైవరు పిడితో గడప మీద తడుతూ పోయాను. అంతా ఒకటే చప్పుడు. ఇరవై రెండేళ్ల కింద పెట్టిన చిల్లు. జానెడు ఇటో, మూరెడు అటో.

బావ నన్ను పక్కకు జరిపాడు. నేల మీద మోకాళ్లేసి కూర్చున్నాడు. అరచెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, కళ్లు మూసుకుని, నాలుగు వేళ్లూ గడప మీద పెట్టాడు. మెల్లగా కొస నుంచి కొసకు జరిపాడు. వెనక్కి వచ్చాడు. కళ్లకు అక్కడ ఏమీ తేడా లేదు, నేను ప్రమాణం చేసి చెప్పగలను. ఆయన చూపుడు వేలు ఒకచోట ఆగింది.

"ఇక్కడ. ఇక్కడ నా చెయ్యి ఒక్క పొర ఎక్కువ తిరిగింది."

"సరిగ్గానా?" అంది చెల్లెలు.

"నా చెయ్యే కదే వేసింది!"

నేను స్క్రూడ్రైవరు అందించాను. ఆయన తీసుకుని, ఒక్క క్షణం ఆ నునుపు చూసుకుని, మొన పెట్టి పిడి మీద దెబ్బ వేశాడు. చిలకపచ్చ పెంకులా లేచింది. రెండో దెబ్బకు తెల్లటి లప్పం రాలింది. మూడో దెబ్బకు నల్లగా చిల్లు!

"ఓరి నీ చెయ్యి బంగారం కానూ!" అన్నాను. అన్నానని తరవాత వాళ్లే చెప్పారు.

సన్నటి తీగ వంచి కొక్కెంలా చేసి లోపల వెతికాను. ఒకసారి జారింది. రెండోసారి తగిలింది. మూడోసారి కుట్టు ఆవిడ, "నాకివ్వండి, లోపల పోయిన నాడా లాగడం మాకు రోజూ పనే," అని కొక్కెం తీసుకుని ఒక్క విసురుతో నల్ల వైరు కొస బయటికి లాగింది. బావ చిల్లు చుట్టూ గుండీ అంత గీకాడు. ఈసారి అడక్కుండానే కోటు గుండీ అంత గీకాడు. కొత్త బోల్టు వేసి బిగించాను.

చెల్లెలు తొక్కింది.

గీ...మ్మని మోగింది! అంత వికారమైన చప్పుడు అంత ముద్దుగా నాకెప్పుడూ వినిపించలేదు.

నాలుగూ ఇరవై ఆరు. చెల్లెలు స్టీరింగు ముందు, బావ పక్క సీటులో టీచరు బ్రేకు దగ్గర, నేను వెనక ఒళ్లో స్పానర్లతో. కుట్టు ఆవిడా మిగతా ఇద్దరూ వీధి మలుపు దాకా పక్కనే పరుగెత్తారు. ఈసారి తోయడానికి కాదు.

చెల్లెలు బండి నడపడం నేను ఎన్నోసార్లు చూశాను. ఆ రోజు చూసింది వేరు. పాలబండి పక్క నుంచి, సైకిళ్ల మధ్య నుంచి, దారం లాగినట్టు లాక్కుపోయింది. అయినా ప్రతి మలుపులోనూ ఇండికేటరు వేసింది.

"ఎవరూ లేరు కదే, ఎందుకు?" అన్నాడు బావ.

"వెలుగుతోంది కాబట్టి!"

నాలుగూ నలభై నాలుగుకి గేటు దాటాం. కాపలా మనిషి అప్పటికే గేటు రెక్క ఒకటి మూసేశాడు. ఇన్స్పెక్టరు టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటున్నాడు. మమ్మల్ని చూసి సంచి కింద పెట్టాడు.

"గారడీ కారు మళ్లీ వచ్చిందా?"

"ఈసారి గారడీ మానేసిందండీ," అంది మా చెల్లెలు.

బ్రేకు నొక్కమన్నాడు. వెనక్కి వెళ్లి చూశాడు. ముందుకు వచ్చి చూశాడు. ఎడమ, కుడి, హారను, వైపర్లు. కాగితం మీద ఒక్కో గీత పెడుతున్నాడు. నేను గీతలు లెక్కపెడుతున్నాను. ఆఖరికి పక్క సీటు తలుపు తెరిచి, తనే కూర్చుని, టీచరు బ్రేకు తొక్కాడు. గీ...మ్మని మోగింది. గేటు దగ్గర కాపలా మనిషి ఉలిక్కిపడి తిరిగి చూశాడు.

దిగబోతూ ఇన్స్పెక్టరు గడప దగ్గర వంగాడు. అద్దంలాంటి పచ్చ రంగు మధ్య కొత్త బోల్టు, చుట్టూ గీకిన ఇనుము, పగిలిన లప్పం అంచు.

"ఇంత బ్రహ్మాండంగా రంగు వేసి, ఇక్కడ ఈ గాటేమిటి? ఎవరు పాడు చేశారు?"

జీవితంలో ఆయనను ఎవరూ అలాంటి ప్రశ్న అడిగి ఉండరు.

"నేనేనండీ," అన్నాడు బావ. "అది అలాగే ఉండాలి."

ఇన్స్పెక్టరు ఆయన మొహం చూశాడు. ఇంకేమీ అడగకుండా ఆఖరి గీత పెట్టి, సంతకం చేసి, ముద్ర కొట్టాడు. కాగితం చెల్లెలి చేతికి వచ్చింది. ఆమె దాన్ని చదవలేదు. రెండు చేతులతో గుండెకు ఆనించుకుని బానెట్ మీద వాలిపోయింది.

"రంగు!" అన్నాడు బావ అలవాటుగా. అని, "సరేలే, వాలు," అన్నాడు.

తిరుగు దారిలో పొద్దు వాలుతోంది. కారు నిండా గాలి. ముందు నేనే మాట్లాడాను.

"బావా, ఆ రోజు నువ్వు అడిగినప్పుడు వినాల్సింది. చెప్పాల్సింది. ఇప్పుడు చెబుతాను, గుర్తుపెట్టుకో. ఏడు బోల్టులు. వాటి కింద రంగు వేయకు. మొదటిది ఇంజను పక్కన, బ్యాటరీ వైపు."

బావ తల ఊపి టీచరు బ్రేకు తొక్కాడు. గీమని మోగింది. కారు ఒక్క కుదుపు కుదిపింది.

"ఏమండీ! ఏం పిల్లచేష్టలు?" అంది చెల్లెలు.

"లెక్క పెట్టుకుంటున్నాను. ఒకటి అయింది. చెప్పు బావా."

"రెండోది ముందు ఎడమ దీపం వెనక."

గీ!

"మూడోది కుడి దీపం వెనక."

గీ! వెనక వస్తున్న స్కూటరువాడు తిట్టుకుంటూ తప్పుకుని పోయాడు. చెల్లెలు నవ్వు ఆపుకోలేక స్టీరింగు మీద కొడుతోంది. నేను అంతసేపు ఆపకుండా మాట్లాడటం ఆమెకు బజరు కంటే వింతగా ఉందట. నాలుగు చెప్పాను, అయిదు చెప్పాను, ఆరు చెప్పాను. మా వీధి మలుపు వచ్చింది. ముగ్గురు ఆడవాళ్లూ రోడ్డు మధ్యలో నిలబడి చేతులూపుతున్నారు.

ఏడోది ఎక్కడుందో నేను చెప్పకముందే బావ తొక్కేశాడు.